బోవీ పాటల్లో ఏది ఇష్టం? ముందు ఏ రికార్డింగో తేలాలి

1990లో ఇంగ్లిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ‘సౌండ్ ప్లస్ విజన్’ పేరుతో ప్రపంచ యాత్రకు బయల్దేరుతూ, పాత హిట్లు పాడటం ఇదే ఆఖరుసారి అన్నాడు. ఏవి పాడాలో ఫోన్ చేసి ఓటేయమని అభిమానులకే వదిలేశాడు. బ్రిటన్‌లో ఎన్‌ఎంఈ అనే సంగీత వారపత్రికకు ఇది మంచి వేళాకోళంగా దొరికింది. అందరూ ‘ద లాఫింగ్ నోమ్’కే ఓటేయండని పాఠకులను ఎగదోసింది. అది 1967 నాటి పాట. టేపు వేగం మార్చి తీసిన మరుగుజ్జు గొంతులు అందులో కిచకిచలాడుతుంటాయి. బోవీ దాన్ని వేదిక మీద పాడలేదు.

పద్దెనిమిదేళ్ల తర్వాత ఇదే ప్రశ్నకు బోవీయే జవాబిచ్చాడు. 2008 జూన్ 29న బ్రిటన్‌లో ఒక ఆదివారం పత్రికతో పాటు ‘ఐసెలెక్ట్’ అనే సీడీని ఉచితంగా పంచారు. తన పాటల్లోంచి 12 అతనే ఏరి పెట్టాడు. అందులో ‘హీరోస్’ లేదు. ‘స్పేస్ ఆడిటీ’ లేదు, ‘స్టార్‌మన్’ లేదు, ‘లెట్స్ డాన్స్’ అసలే లేదు. ఊరందరికీ తెలిసిన పాట ‘లైఫ్ ఆన్ మార్స్?’ ఒక్కటే. మిగతావి ‘స్వీట్ థింగ్’, ‘ద బ్యూలీ బ్రదర్స్’, ‘లేడీ గ్రిన్నింగ్ సోల్’, ‘విన్’, ‘టీనేజ్ వైల్డ్‌లైఫ్’ లాంటివి. ఆల్బమ్ ఆసాంతం విన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఎదురుపడని పాటలు.

అభిమానుల ఓటుకూ బోవీ ఎంపికకూ పొంతన లేకపోవడానికి ఒకటే కారణం: ఇక్కడ ప్రశ్న ఒకటి కాదు. ‘ఇష్టమైన పాట’ అన్న మాటలో కనీసం మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఎక్కువసార్లు పెట్టుకునేది ఏది? బోవీ అంటే ఎవరో తెలియని మనిషికి మొదట ఏది వినిపిస్తారు? తలుపేసుకుని, ఫోన్ పక్కన పెట్టి, ఒక్క పాటే వినాలంటే ఏది వింటారు? రోజూ తొడుక్కునే చొక్కా, పెళ్లికి తొడుక్కునే చొక్కా ఒకటే కానక్కర్లేదు. మూడింటికీ ఒకే పాట జవాబుగా వస్తే మీ పని సులువైపోయినట్టే. సాధారణంగా రాదు. కాబట్టి ముందు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో కాగితం మీద రాసుకోండి. తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఈ ఒక్క పనితో తీరిపోతాయి.

మొదటి ప్రశ్నలో ఒక మోసం ఉంది. ఒకే విషయాన్ని పదేపదే చూసినా విన్నా దాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపించాడు. రేడియో, ప్లేలిస్టులు, ప్రకటనలు వందసార్లు వినిపించిన పాటకు ఆ మేరకు ముందే మార్కులు పడి ఉంటాయి. దానికి తోడు పదేళ్ల వయసుకూ ముప్పైకీ మధ్య జరిగినవి మనకు ఎక్కువగా గుర్తుంటాయి. ఆ వయసులో విన్న పాటకు పాట బలంతో పాటు మన సొంత జ్ఞాపకాల బలం కూడా కలుస్తుంది. అది తప్పేమీ కాదు. కాకపోతే మార్కులు ఎవరికి వేస్తున్నామో తెలిసి వేయాలి.

ఇక బోవీ ఒక్కడు కాదన్నది రెండో చిక్కు. పాతిక దాకా స్టూడియో ఆల్బమ్‌లు, దాదాపు అర్ధశతాబ్దం. వాటిని ఒకే రాశిగా పోసి వెతికితే బాగా వినబడ్డవే పైకి తేలతాయి. ఎనిమిది అరలుగా విడదీస్తే పని నడుస్తుంది. 1969 నుంచి 71 దాకా మొదటి అర, ‘హంకీ డోరీ’ వరకు. 1972 నుంచి 74 దాకా గ్లామ్ కాలం, అంటే తళుకు వేషాల రాక్: ‘జిగ్గీ స్టార్‌డస్ట్’, ‘అలాడిన్ సేన్’, ‘డైమండ్ డాగ్స్’. 1975, 76 అమెరికా సోల్ సంగీతం వైపు మళ్లిన రోజులు. 1977 నుంచి 79 దాకా ‘బెర్లిన్ త్రయం’. ఈ పేరు కాస్త తప్పుదారి పట్టిస్తుంది. ‘లో’ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం ఫ్రాన్స్‌లో తయారైంది, ‘లాడ్జర్’ను స్విట్జర్లాండ్‌లోనూ న్యూయార్క్‌లోనూ చేశారు. పూర్తిగా బెర్లిన్‌లో రికార్డయింది మధ్యలోని ‘హీరోస్’ ఒక్కటే. 1980 నుంచి 83 అయిదో అర. 1984 నుంచి 92 దాకా అభిమానులే తల దించుకునే కాలం. అయినా 1986 నాటి ‘అబ్సల్యూట్ బిగినర్స్’ కోసం ఆ అరను తెరిచి చూడాల్సిందే. 1993 నుంచి 99 ఏడో అర, బెర్లిన్ త్రయంలో తోడున్న సంగీతకారుడు బ్రయాన్ ఈనోతో మళ్లీ కలిసి చేసిన ‘అవుట్‌సైడ్’ ఇక్కడిదే. 2002 నుంచి 2016 ఆఖరుది. ఒక్కో అర నుంచి రెండే పాటలు తీయాలి. అప్పుడు 16 అవుతాయి. రెండో అర నుంచి ఆరు పాటలు తీయాలని చెయ్యి లాగుతుంది. ఆ కాలమే మీకు అంత ఇష్టమైతే ఎంపిక మొత్తం దాని లోపలే పెట్టుకోండి, ప్రశ్నను కూడా ఆ మేరకు మార్చి రాయండి.

పాట ఎవరిది అన్నది మరో పేచీ. మన సినిమా పాటకు పాడినవాళ్లు, స్వరం కట్టినవాళ్లు, మాటలు రాసినవాళ్లు వేర్వేరుగా ఉంటారని మనకు అలవాటు. రాక్ సంగీతంలో మూడూ ఒక్కరే చేస్తారని అనుకుంటాం. బోవీ విషయంలో అది సగమే నిజం. ‘లైఫ్ ఆన్ మార్స్?’లో మిమ్మల్ని పట్టి ఆపేది వయొలిన్ల ఉప్పెన అయితే, ఆ పొగడ్త వాటి అమరిక చేసిన మిక్ రాన్సన్‌కు చెందుతుంది. అందులో పియానో వాయించింది రిక్ వేక్‌మన్. ‘ఫేమ్’కు పునాది కార్లోస్ అలోమర్ గిటార్ తునక, దాని కర్తల్లో జాన్ లెనన్ కూడా ఉన్నాడు. ‘లెట్స్ డాన్స్’ను బోవీ జానపద ధోరణిలో తంత్రులు మీటుతూ వినిపిస్తే, నృత్యానికి పనికొచ్చేలా మార్చినవాడు నైల్ రాడ్జర్స్. అందులో నిప్పులాంటి గిటార్ స్టీవీ రే వాన్‌ది. ఇది తెలుసుకుంటే ఒక ప్రయోజనం ఉంది. ‘లేడీ గ్రిన్నింగ్ సోల్’ పియానో నచ్చిందంటే మీకు నచ్చింది మైక్ గార్సన్. అదే ఆల్బమ్‌లోని ‘అలాడిన్ సేన్’ పాటలో అతని పియానో ఇంకా తెగించి పోతుంది, జాబితాలోకి అదీ రావాలి.

పేరు ఒకటే, పాటలు నాలుగు

అసలు ముడి ఇక్కడుంది. ‘స్పేస్ ఆడిటీ’ ఇష్టం అంటే ఏది? 1969 జులైలో సింగిల్‌గా, అంటే విడిపాటగా వచ్చినదా? దానికి ముందు నమూనాగా చేసిన డెమోనా? 1979లో ఆర్భాటమంతా తీసేసి మళ్లీ పాడినదా? ‘చైనా గర్ల్’ను మొదట 1977లో ఇగ్గీ పాప్ పాడాడు. అది గరుకుగా, తూలుతున్నట్టు ఉంటుంది. 1983లో బోవీ పాడినది నున్నగా మెరుస్తుంది. మాటలవే, మనిషి వేరు. ‘లెట్స్ డాన్స్’ ఆల్బమ్‌లో 7 నిమిషాల 38 సెకన్లు, సింగిల్‌లో 4 నిమిషాల 7 సెకన్లు. ఇద్దరు మిత్రులు ఈ పాట గురించి వాదించుకుంటుంటే, ఒకరు వింటున్నదాంట్లో మూడున్నర నిమిషాలు రెండోవారి దగ్గర లేనే లేవన్నమాట.

ఈ కోత ఎంత పని చేస్తుందో ‘హీరోస్’లో బాగా తెలుస్తుంది. 1977లో పశ్చిమ బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో రికార్డు చేశారు. బెర్లిన్ గోడ అక్కడికి దగ్గరే. నిర్మాత టోనీ విస్కాంటి పెద్ద హాలులో బోవీ గొంతు కోసం మూడు మైకులు పెట్టాడు: ఒకటి నోటికి 9 అంగుళాల దూరంలో, రెండోది 20 అడుగుల అవతల, మూడోది 50 అడుగుల అవతల. దూరపు రెండింటికీ నాయిస్ గేట్లు తగిలించాడు. నిర్ణయించిన స్థాయికి మించి శబ్దం వస్తేనే తలుపు తీసే పరికరం అది. మెల్లగా పాడినంతసేపూ దగ్గరి మైకే పనిచేస్తుంది, గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంటుంది. గొంతు పెంచితే రెండో తలుపు తెరుచుకుని హాలు కొంచెం వినిపిస్తుంది. అరిస్తే మూడోది కూడా తెరుచుకుంటుంది. అప్పుడు మనిషి చిన్నవాడైపోయి చుట్టూ ఉన్న ఖాళీ పెద్దదవుతుంది. ప్రతిధ్వని తర్వాత అతికించింది కాదు కాబట్టి, అది వినిపించాలంటే బోవీ నిజంగానే అరవాలి. ఆ తెగింపు అందుకే నాటకంలా అనిపించదు.

గిటార్ కథ ఇంకొకటి. రాబర్ట్ ఫ్రిప్ ఎక్కడ నిలబడితే ఏ స్వరానికి స్పీకరు నుంచి ఫీడ్‌బ్యాక్ (గిటార్ తన శబ్దాన్నే తిరిగి అందుకుని చేసే కూత) ఎడతెగకుండా వస్తుందో చూసుకుని, ఆ చోట్లను నేల మీద టేపుతో గుర్తు పెట్టుకున్నాడు. స్వరం మారితే అడుగు మారుతుంది. ఆ శబ్దాన్ని బ్రయాన్ ఈనో తన సింథసైజర్ గుండా పంపి మెలితిప్పాడు. ఫ్రిప్ మూడుసార్లు వాయించాడు. మూడింటినీ ఒకేసారి వినిపిస్తే పాట పొడుగునా సాగే ఆ మూలుగు తయారైంది. కర్ణాటక సంగీతం తెలిసిన చెవికి ఇంకో ఆధారం ఉంది. డి స్వరాన్ని షడ్జమం అనుకుంటే పాటలోని స్వర సమ్మేళనాలన్నీ (కార్డ్స్) హరికాంభోజి స్వరాల్లో ఇమిడిపోతాయి. శంకరాభరణంలోని కాకలి నిషాదం బదులు ఇక్కడ కైశికి నిషాదం పలుకుతుంది. పాట విజయగీతంలా మొదలై ఎక్కడో కాస్త దిగులుగా అనిపించడానికి కారణం చాలావరకు ఆ నిషాదమే అని చెప్పొచ్చు.

ఆల్బమ్‌లో ఈ పాట 6 నిమిషాల 7 సెకన్లు. మొదట్లో తగ్గుస్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడి, సగం దాటాక అవే మాటలను ఒక స్థాయి పైన అందుకుంటాడు. ఆ ఎక్కడమే పాట. సింగిల్ 3 నిమిషాల 32 సెకన్లు, మొదటి చరణాలకు కత్తెర వేశారు. కొండ సగంలో బస్సు దించి, ఎక్కేశామని చెప్పుకున్నట్టుంటుంది. ఇది ఎందుకు గొప్ప పాట అని ఎవరైనా అడిగితే, వాళ్లు విన్నది ఏదో ముందు కనుక్కోండి. చాలా సంకలనాల్లో ఉన్నది ఈ చిన్నదే. ప్లేలిస్టులో చేర్చే ముందు నిడివి చూసుకుంటే చాలు. జర్మన్, ఫ్రెంచ్ భాషల్లో అతనే పాడిన రూపాలు కూడా ఉన్నాయి.

నిడివి సరిపోయినా మాస్టరింగ్, అంటే పూర్తయిన మిక్స్‌కు పెట్టే చివరి మెరుగు, తేడా చేయొచ్చు. 2017లో వచ్చిన బాక్స్‌సెట్‌లో ఇదే పాట మధ్యలో ధ్వని స్థాయి ఉన్నట్టుండి పడిపోవడాన్ని శ్రోతలు పట్టుకున్నారు. తర్వాత సరిచేసిన డిస్కులు ఇవ్వాల్సి వచ్చింది. అదే బాక్స్‌సెట్‌లో ‘లాడ్జర్’ను విస్కాంటి మొత్తంగా కొత్తగా మిక్స్ చేశాడు. ఇది మాస్టరింగ్ కాదు, వేరే పని: వాద్యాల పాళ్లే మారతాయి. ‘రీమాస్టర్’ అని రాసి ఉంటే పాత మిక్స్‌కే మెరుగు పెట్టారని అర్థం. ‘రీమిక్స్’ అనో, ఏడాదితో పాటు ‘మిక్స్’ అనో ఉంటే వంట మళ్లీ చేశారని అర్థం. ‘లైఫ్ ఆన్ మార్స్?’కు 2016 మిక్స్ ఒకటుంది, కెన్ స్కాట్ చేసినది. అందులో డ్రమ్స్ తీసేసి గొంతు, పియానో, వయొలిన్లను ముందుకు తెచ్చారు. మొదటిసారి వినేవాళ్లు దీనితో మొదలుపెట్టకపోవడం మంచిది. రాన్సన్ కట్టిన మేడకు స్తంభాలు తీసి చూపినట్టుంటుంది. అసలుది బాగా తెలిసినవాళ్లకు మాత్రం పండగ.

పోటీ పెట్టే తీరు

పదహారు పాటలు చేతిలో ఉన్నాయి. ప్రతి పాటనూ ప్రతి పాటతో పోల్చాలంటే 120 జతలు. పాట సగటున అయిదు నిమిషాలనుకున్నా 20 గంటలు పడుతుంది. ఎవరూ చేయరు. ఓడినది ఇంటికెళ్లే నాకౌట్ అయితే 15 ఆటలతో తేలిపోతుంది. కానీ ‘హీరోస్’, ‘లైఫ్ ఆన్ మార్స్?’ మొదటి రౌండ్‌లోనే తలపడితే ఒక మంచి పాట అన్యాయంగా పోతుంది. మధ్యేమార్గం ఒకటుంది: 12 నాకౌట్ ఆటలతో పదహారును నాలుగుకు తగ్గించి, ఆ నాలుగింటినీ ఒకదానితో ఒకటి ఆడించాలి, అవి 6 ఆటలు. మొత్తం 18, దాదాపు మూడు గంటలు. ఒక పూటలో నాలుగైదు ఆటలకు మించకూడదు. చెవి అలిసిపోతే గట్టి డ్రమ్స్ ఉన్న పాట ఓడిపోతుంది, అది పాట తప్పు కాదు.

పోటీని చెడగొట్టేది ఎక్కువగా శబ్దస్థాయే. రెండు రికార్డింగుల మధ్య ఒక డెసిబెల్ తేడా ఉన్నా, గట్టిగా వినిపించేదే మెరుగని చెవి అనుకుంటుంది. అది గట్టిగా ఉందని కూడా మనకు తెలియదు. 1972 నాటి మాస్టర్ మెల్లగా, ఈ మధ్య వచ్చిన రీమాస్టర్ గట్టిగా ఉండటం మామూలే. స్ట్రీమింగ్ యాప్ సెట్టింగ్స్‌లో ధ్వని స్థాయిని సమం చేసే మీట ఉంటుంది, స్పాటిఫై అయితే పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే ప్రమాణం) దగ్గరికి తెస్తుంది. దాన్ని ఆన్ చేసి, పాటలను ఆల్బమ్ నుంచి కాకుండా ఒకే ప్లేలిస్టు నుంచి పెట్టండి. ఆల్బమ్‌గా వింటున్నప్పుడు పాటల మధ్య ఉన్న సహజమైన ఎచ్చుతగ్గులను యాప్ అలాగే ఉంచుతుంది.

మరీ మెల్లగా వినడం కూడా పక్షపాతమే. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మంద్ర స్వరాలు ముందుగా మాయమవుతాయి. ఇంట్లోవాళ్లు నిద్రపోయాక గుసగుసలా పెట్టుకుంటే ‘లెట్స్ డాన్స్’లో బాస్ పోయి ఎముకలే మిగులుతాయి. ‘లైఫ్ ఆన్ మార్స్?’ గొంతు, పియానోలతో హాయిగా నెగ్గేస్తుంది. ఫోన్ స్పీకరులో కూడా అంతే. ఎదురుగా కూర్చున్న మనిషి మామూలుగా మాట్లాడేంత స్థాయి ఉంచి, ఏవైనా సరే ఒకే జత ఇయర్‌ఫోన్లతో 18 ఆటలూ పూర్తి చేయండి. ఖరీదు ముఖ్యం కాదు, మధ్యలో మార్చకపోవడం ముఖ్యం.

నాలుగు మిగిలాక ఒక వింత ఎదురవ్వొచ్చు. మొదటిది రెండోదాన్ని ఓడిస్తుంది, రెండోది మూడోదాన్ని ఓడిస్తుంది, మూడోది వచ్చి మొదటిదాన్ని ఓడిస్తుంది. ఓట్ల లెక్కల్లో ఇలాంటి సుడిని కాండోర్సే అనే ఫ్రెంచ్ పండితుడు 1785లోనే గుర్తించాడు. అక్కడ చాలామంది ఓటర్లు ఉంటారు. ఇక్కడ ఓటరు మీరొక్కరే అయినా, ఒక ఆటలో గొంతుకు, ఇంకో ఆటలో తాళానికి, మూడోదాంట్లో మాటలకు ఓటేశారన్నమాట. మొదట రాసుకున్న కాగితం అప్పుడు తీయాలి. ఆ ప్రశ్నకే జవాబు చెబుతూ ఆ మూడు ఆటలూ మళ్లీ ఆడించండి, ఈసారి వరస తిప్పి. ముందు విన్నది ఓడుతూ, తర్వాత విన్నది గెలుస్తూ ఉంటే వాటి మధ్య తేడా లేనట్టే.

మాటల మీద మార్కులు వేసేవాళ్లకు ఒక హెచ్చరిక. 1974 ప్రాంతం నుంచి బోవీ చాలా పాటలను కాగితం మీద రాసి, కత్తెరతో ముక్కలు చేసి, కలిపి పేర్చేవాడు. తొంభైలకొచ్చేసరికి ఆ పని కంప్యూటరుకు అప్పజెప్పాడు. అలాంటి చోట కథ వెతికితే తల నొప్పే మిగులుతుంది. ఇంగ్లిష్ యాస మనకు అందకపోవడం వల్ల అర్థం కాలేదనుకుంటాం కానీ, లండన్‌లో పుట్టినవాళ్లకు కూడా అంతే.

‘బ్లాక్‌స్టార్’ పాటలకు మాత్రం విడిగా ఒక నియమం కావాలి. ఆ ఆల్బమ్ 2016 జనవరి 8న, అతని 69వ పుట్టినరోజున వచ్చింది. 10న అతను చనిపోయాడు. అంతకు ముందే ‘లాజరస్’ విన్నవాళ్లు ఒక పాట విన్నారు. తర్వాత విన్న మనమందరం ఇంకో పాట వింటున్నాం. ఆ బరువుతో అది బరిలోకి దిగితే ఏ పాటైనా తలవంచేస్తుంది. ఆ అర నుంచి ‘లాజరస్’ బదులు పది నిమిషాల ‘బ్లాక్‌స్టార్’నే పంపడం మా లెక్కలో న్యాయం. జాజ్ కళాకారుడు డానీ మెక్‌కాస్లిన్ బృందం ఏం చేసిందో అందులోనే ఎక్కువ తెలుస్తుంది. అది ఓడినా గెలిచినా సంగీతంతోనే ఓడుతుంది, గెలుస్తుంది.

ఫైనల్‌కు మామూలుగా వచ్చేది ‘లైఫ్ ఆన్ మార్స్?’. దాని పుట్టుకలో కొంచెం కక్ష ఉంది. 1968లో ఒక ఫ్రెంచ్ పాటకు బోవీ ఇంగ్లిష్ మాటలు రాస్తే అవి తీసుకోలేదు. అదే స్వరానికి పాల్ ఆంకా రాసినది ఫ్రాంక్ సినాట్రా గొంతులో ‘మై వే’ అయి ప్రపంచం చుట్టొచ్చింది. ఆ పాట నడకనే దగ్గర పెట్టుకుని బోవీ 1971లో దీన్ని కట్టాడు. ఆల్బమ్ అట్ట మీద సినాట్రాను తలుచుకుంటూ చిన్న మాట కూడా రాశాడు. మొదట్లో బాస్ స్వరం ఒక్కో మెట్టూ దిగుతుంటే గొంతు తాపీగా కథ చెబుతుంది. కోరస్‌కు వచ్చేసరికి అదే గొంతు ఒక్క దూకులో పైకెళ్లి అక్కడే నిలబడుతుంది. దీన్ని పోటీలో పెట్టినప్పుడు వయొలిన్లు తగ్గిపోగానే అయిపోయిందనుకుని తర్వాతి పాట నొక్కేయకండి. ఆ నిశ్శబ్దంలో పియానో మళ్లీ మెల్లగా వస్తుంది. అది టేపు మీద అడుగున మిగిలిపోయిన పాత టేక్. స్టూడియోలో ఫోన్ మోగడంతో మధ్యలో ఆగిపోయినది. చెవి పెట్టి వింటే ఆ గంట ఇంకా మోగుతూనే ఉంటుంది.